మా నెవిల్ వీపు

మా గేనర్ ఎత్తు సంగతి ముందే చెప్పేస్తాను, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. నా పక్కన నిలబడితే ఆమె తల నా భుజానికి కూడా రాదు. మోర్లీలో బడి వంటగదిలో పెద్ద గిన్నెలు కలపడానికి ఆమె కోసం ఒక పీట వేసి ఉంచారు. పై తరగతి పిల్లలు ఆమె నెత్తి మీదుగా తొంగిచూసి ఇవాళ కస్టర్డ్ ఉందో లేదో తెలుసుకుంటారు. అలాగని ఎవరూ ఆమెతో వేళాకోళం ఆడరు. పళ్లెంలో బఠానీలు వదిలేసినవాడి వైపు ఆమె ఒక్క చూపు చూసిందంటే, వాడు తనవే కాకుండా పక్కవాడి బఠానీలు కూడా తినేస్తాడు. పొట్టివాళ్లకి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు.

గేనర్ నాకు మరదలు, మా తమ్ముడు నెవిల్ భార్య. నా పేరు గ్లెనిస్. రిటైరయ్యేదాకా ఇదే ఊళ్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచాను. ఏ ఇంట్లో ఏ కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషే కరుస్తాడో నాకు తెలుసు. కాబట్టి మనుషుల గురించి నేను చెబితే నమ్మవచ్చు.

పదిహేనేళ్ల వయసు నుంచీ గేనర్‌ది గోత్‌ల దారి, అంటే నల్లబట్టలూ చావు పాటలూ ప్రాణంగా బతికేవాళ్ల దారి. నల్ల గౌను, నల్ల జాలీ చేతితొడుగులు, కళ్ల చుట్టూ బొగ్గులాంటి కాటుక, పైకి దువ్వి డబ్బాడు స్ప్రే కొట్టి నిలబెట్టిన జుట్టు. ఆ జుట్టు వల్ల ఒక జానెడు ఎత్తు కలిసొస్తుందని నా అనుమానం. పెళ్లికి కూడా నల్లబట్టలే వేసుకుంది. పెళ్లో చావో తెలియడం లేదని వాళ్లమ్మ ముక్కు చీదింది. అదే తల్లి పోయినప్పుడు మాత్రం గేనర్ ఎర్ర కోటు వేసుకుని స్మశానానికి వచ్చింది, అమ్మకి నలుపంటే ఒళ్లుమంట కదా అని. ఆ రోజు నుంచి నేను ఆమె బట్టల గురించి నోరు తెరవడం మానేశాను. చాలావరకు మానేశాను.

ఆమె ఆరాధించిన పాటగాడి పేరు లూసియన్ థ్రేల్. బావి అడుగు నుంచి ఎవరో పలికినట్టుండే గొంతు. పాటలన్నీ వానలు, సమాధులు, తిరిగిరాని ఆడవాళ్లు. అసలు పేరు కీత్ అనీ, పక్కనే ఉన్న పడ్సీ వాడనీ, వాళ్లమ్మ ఊలు దుకాణంలో మా అమ్మ ఊలు కొనేదనీ నేను గుర్తు చేసినప్పుడల్లా గేనర్ సాయంత్రం టీ వేళదాకా నాతో మాట్లాడేది కాదు. గొంతు బావిలోంచి వస్తే వచ్చింది, మనిషి పడ్సీలోంచే వచ్చాడని నా వాదన.

ఎనభైల్లో ఒక శీతాకాలం ఆయన లీడ్స్‌లో పాడాడు. గేనర్ పొద్దున్నించీ వానలో వరసలో నిలబడి, మోచేతులతో దారి చేసుకుంటూ వేదికకి దగ్గరగా వెళ్లింది. దీపాలు ఆరే సమయానికి ఎవడో ఒక పొడుగాటి మనిషి తడిసిన పెద్ద కోటుతో వచ్చి సరిగ్గా ఆమె ముందు బీరువాలా నిలబడ్డాడు. ఆమె ఎడమకి జరిగితే వాడూ ఎడమకే ఊగాడు, కుడికి జరిగితే కుడికే. మిగిలిన కాస్త సందులోనూ పొగ. ఆ బ్యాండ్లకి పొగ లేనిదే పాట పుట్టదు. అలా మొదటి పాట నుంచి చివరి పాటదాకా గేనర్ విన్నదే గానీ చూసింది లేదు. అయిపోయాక గొడుగుతో ఆ వీపు మీద ఒకటి వేసి, నేను వచ్చింది నీ వీపు చూడ్డానికా అని అడిగింది. వాడు వెనక్కి తిరిగి, ఎవరూ కనిపించక, తర్వాత కిందకి చూశాడు.

వాడే మా నెవిల్.

మా వాడు నోట్లో నాలుక లేనివాడు. క్షమించమని హాల్లో చెప్పాడు, బస్టాపులో చెప్పాడు, ఆమెకి చిప్స్ పొట్లం కొనిచ్చి మళ్లీ చెప్పాడు. ఇంకోసారి ఆయన పాడితే నిన్ను నా భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తానని మాటిచ్చాడు. ఆ రోజుల్లో అది వాళ్లలో ఆనవాయితీ. పాట మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, చేతులు మెల్లగా చాపి, గాలిలో ఏదో చల్లుతున్నట్టు ఊగేవారు. కొందరు మూడంతస్తులు కూడా కట్టేవారు. అయితే ఆ వసంతానికే బ్యాండులో కొట్లాటలు వచ్చి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. థ్రేల్ పాడటం మానేశాడు. గేనర్‌కీ నెవిల్‌కీ పెళ్లయింది గానీ, ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాత నలభై ఏళ్లు ఆ పాటలు బడి వంటగదిలో బతికాయి. బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఆమె పాడేది, పిల్లలు వరసలో నిలబడి నేర్చుకునేవారు. ఒక ఏడాది పంట పండగనాడు చర్చిలో, ఏదైనా పాట పాడమంటే ఒక బుడతడు తేమ పట్టిన సమాధి మీద నాచు గురించి రెండు చరణాలు రాగయుక్తంగా పాడాడు. పాదిరిగారు బాగుందనే అన్నారు.

పోయిన చలికాలం నెవిల్‌కి తుంటి కీలు మార్చారు. మా తమ్ముడికి మెదడు మోకాల్లో ఉందని మా అమ్మ అనేది. ఇంటింటికీ తివాచీలు పరిచే పనిలో, మోకాలితో తన్ని తన్ని బిగించి, ఆ మోకాళ్లూ అరగదీసుకున్నాడు, తుంటీ అరగదీసుకున్నాడు. వంగకూడదు, గొంతుక్కూర్చోకూడదు, బరువులెత్తకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చిన వారానికే కబురు తెలిసింది. వసంతంలో గోత్‌లందరూ విట్బీలో కలుసుకునే పండగకి లూసియన్ థ్రేల్ వచ్చి పాడుతున్నాడు. ఇదే ఆఖరు, ఇంక పాడేది లేదని ఆయనే చెప్పాడట. అదీ మధ్యాహ్నం ఆట. పాడేవాళ్లకీ వినేవాళ్లకీ అరవై దాటాయి, పెందలాడే ఇంటికెళ్లి వేడినీళ్ల సంచీ పెట్టుకుని పడుకోవాలి కదా.

గేనర్ ఆ కబురు విని వంటగదిలో పీట మీద కూర్చుండిపోయిందట. ఒక్కసారి ఆయన ముఖం చూస్తే చాలు గ్లెన్, అంది నాతో. తనకంటూ ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

రెండు వారాల తర్వాత వాళ్ల షెడ్డులో పార కోసం వెళ్తే మా నెవిల్ గోడ పట్టుకుని నిలబడి, మెడ వెనక బంగాళాదుంపల బస్తా మోస్తున్నాడు. ముఖం బీట్‌రూట్ అయిపోయింది.

"ఏం చేస్తున్నావురా?"

"సాధన చేస్తున్నా. ఆవిడకి చెప్పకు."

"ఆవిడ బస్తా కాదు, కదలకుండా ఊరుకోడానికి. నీకున్నది కొత్త తుంటి. ఇంకోటి ఇమ్మంటే ఇవ్వరు."

"మాటిచ్చాను గ్లెనిస్. ఆ రోజు నేనే అడ్డం పడ్డాను. ఇంకోసారి లేదంటున్నారు కదా." 

బస్తా దింపించి ఇంటికి తీసుకుపోయాను. ఆ బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తినేశాను కూడా. కానీ వాడి మాట నన్ను వదల్లేదు. అందుకే విట్బీకి కారు నేనే నడుపుతానన్నాను. నన్ను వెంటేసుకెళ్లడమంటే పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టేనని గేనర్ అంది. అన్నా ఒప్పుకుంది.

విట్బీ వీధుల నిండా నల్లబట్టలే. పొడుగు టోపీలు, వెండి పిడి చేతికర్రలు, నల్ల జాలీ కుచ్చులు కట్టిన కుక్కలు. చేతికర్రల్లో సగం షోకుకి, సగం నిజంగానే అవసరానికి. నేను ఉత్తరాలు పంచిన రోజుల నాటి పసుపుపచ్చ వానకోటు వేసుకున్నాను. ఇద్దరు నన్ను ఆపి, పడవలు మునిగితే కాపాడే దళం మీదేనా అని మర్యాదగా అడిగారు. కాదంటే నిరాశపడ్డారు.

హాలు సముద్రానికి ఎదురుగా ఉంది. వసంతకాలపు ఎండ ఆ వేళ కావాలనే కాసినట్టుంది, అన్ని కిటికీల్లోంచీ లోపలికి వచ్చి పడుతోంది. గోత్‌ల కచేరీకి ఎండ పడితే పరువేం కావాలి? నిర్వాహకులు నిచ్చెనలెక్కి ప్రతి కిటికీకీ నల్లగుడ్డ కప్పి, చుట్టూ టేపు అతికించారు. చీమ దూరే సందు కూడా లేదు. కాస్త గాలికి ఒక్క కిటికీ వదిలేయకూడదా అని నేనంటే, నిచ్చెన మీది పెద్దాయన నన్ను శవపేటిక మూత తెరవమన్నట్టు చూశాడు. ఆ గుడ్డలు కట్టినవాళ్లే పొగ యంత్రాలు కూడా తెచ్చారు. ఒకటి కాదు, పాత రోజుల గౌరవానికని నాలుగు మూలలా నాలుగు.

దీపాలు ఆరాయి. యంత్రాలు బుస్సుమన్నాయి. మొదటి పాట మొదలయ్యేసరికి ఆ పొగ పైకి లేచి, పోయే దారి లేక, నెత్తుల మీద దుప్పటిలా పరుచుకుంది. రెండో పాటకి పొడుగువాళ్ల మెడలదాకా దిగింది. వేదిక మీద మనుషులున్నారనడానికి బూట్లే సాక్ష్యం. బూట్ల పైన అంతా తెల్లగా ఉంది. గొంతు మాత్రం వచ్చింది. నిజం చెప్పాలి, ఆ గొంతుకి నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఊలు దుకాణం గుర్తు రాలేదు.

జనం పులకించిపోయారు. చుట్టూ పాత ఆనవాయితీ మొదలైంది. అరవై ఏళ్ల మనిషి భుజాల మీద అరవై ఏళ్ల భార్య, పక్క నుంచి ఇద్దరు ఆసరా. ఒక జంట సగం లేచి, నవ్వాపుకోలేక మెల్లగా కూలబడింది. గేనర్ మునివేళ్ల మీద లేచి చూస్తోంది. ముందు వరసలో ఉన్నవన్నీ వీపులే, తోలు కోట్లూ వెల్వెట్ కోట్లూ. అప్పుడు మా నెవిల్ చేతికర్ర నాకిచ్చి, ఆమె ముందుకి వచ్చి, కిందకి వంగబోయాడు. సగం వంగాడో లేదో పళ్లు బిగించాడు. గేనర్ వాడి కోటు కాలర్ రెండు చేతులా పట్టుకుని లాగింది.

"వద్దు నెవిల్. వంగావంటే నేను ఇప్పుడే బయటికెళ్లిపోతా."

"ఇదే ఆఖరు గేనర్."

"ఆయనకి ఆఖరు. నువ్వు నాకు ఇంకా పనికొస్తావు."

వాడి ముఖం చూడలేకపోయాను. చేసేదేముంది, నేను ఒక మోకాలు నేల మీద ఆనించి ఎక్కమన్నాను. ఇరవై ఏళ్లు ఉత్తరాల సంచీ మోసిన భుజాలు, ఈ పిట్ట ఒక లెక్కా? ఎక్కింది. లేచాను. నా పసుపు కోటు మీద నల్ల బూట్లు, ఇంతకాలం ఆమె ఎదురుచూసిన ఘడియ. ఏం కనిపిస్తోందని అడిగాను.

"పొగ," అంది పై నుంచి. "నీ తల కూడా కనిపించడం లేదు గ్లెన్. దించెయ్."

దింపాను. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కాటుక కరిగి చెంప మీద గీత గీసింది. ఇంతకాలం కాచుకుని, ఇంత దూరం వచ్చి, ఆ కిటికీలు మూసిన మహానుభావుల వల్ల మళ్లీ వినడమే గానీ చూడటం లేదు. ఆ నిచ్చెన పెద్దాయన్ని వెతికి నాలుగు దులుపుదామన్నంత కోపం వచ్చింది నాకు. ఆయన దొరికితే కదా, పొగలో ఎక్కడున్నాడో.

అంతలో పాట ఆగింది. వేదిక మీంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు పడ్సీ దగ్గే, బావిది కాదు.

"ఎవరైనా ఉన్నారా అక్కడ? నాకు నా మైకే కనిపించడం లేదు. ఆఖరి పాట కూర్చుని పాడతాను, ఏమీ అనుకోకండి."

బూట్లు ముందుకి నడిచి వచ్చాయి. వేదిక అంచున ఆయన కూర్చున్న చప్పుడైంది. పొగ కిందకి దిగాడన్నమాట. ముందు వరసవాళ్లు హా అన్నారు, వాళ్లకి కనిపించాడు. గేనర్‌కి మాత్రం ముందున్న వీపులే. అప్పుడు మా నెవిల్, ఇంట్లో ఉప్పు కావాలన్నా గట్టిగా అడగనివాడు, హాలు మొత్తానికి వినబడేలా మాట్లాడాడు.

"ముందున్న పెద్దలు కాస్త కూర్చుంటారా. మీ కాళ్లు పట్టుకుని అడగాలి, కానీ నా తుంటి వంగదు. మా ఆవిడ పొట్టిది. ఎనభైల్లో ఈయన లీడ్స్‌లో పాడితే, ఆమె ముందు అడ్డంగా నిలబడింది నేనే. చూడనివ్వలేదు. అందుకే అడుగుతున్నా."

ముందు వరసలో ఒక టోపీ కిందకి దిగింది. దాని పక్కన ఇంకోటి. అమ్మా, అబ్బా, నా నడుం, చెయ్యివ్వండి అనుకుంటూ హాలంతా వరస వరసగా నేల మీద చతికిలబడింది. మళ్లీ లేవగలరో లేదో తెలియని మనుషులు, నా మరదలి కోసం ఖరీదైన వెల్వెట్ గౌన్లు నేలకి ఆనించి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నిలబడి ఉన్నది ఇద్దరే. ఒకరు గేనర్. ఇంకొకడు ఆమె వెనక మా నెవిల్, కూర్చోకూడదు కాబట్టి. వాడి మెడ పైభాగమంతా పొగలోనే ఉంది.

వేదిక అంచున కళ్లజోడు పెట్టుకున్న ఒక బక్క ముసలాయన. ఎత్తు మడమల బూట్లు వేసుకున్నా కాళ్లు నేలకి అందడం లేదు. ఆయన గేనర్‌ని చూశాడు, తర్వాత ఆమె వెనక చూశాడు.

"అడ్డం నిలబడింది ఇతనేనా? నాకు కోటు తప్ప తల కనిపించడం లేదే."

"ఇతనే," అంది గేనర్. "ఇప్పుడు వెనక నిలబెట్టుకున్నా."

లూసియన్ థ్రేల్ నవ్వాడు. ఫొటోలో గానీ, వేదిక మీద గానీ ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరని తర్వాత అందరూ చెప్పుకున్నారు. నవ్వుతూనే ఆఖరి పాట ఎత్తుకున్నాడు. బంగాళాదుంపల పాట, అదే, సమాధి మీద నాచు పాట. మొదటి చరణం గేనర్ వైపు చూస్తూ పాడాడు. ఆమె పెదవులు కదుపుతోంది, చెంపలు తడిసిపోయాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషిని, అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

పై నుంచి మా నెవిల్ మెల్లగా అడిగాడు, కనిపిస్తున్నాడా అని. కనిపిస్తున్నాడంది. నాకేమీ కనిపించడం లేదు, చెప్పు అన్నాడు. ఆమె కళ్లు తిప్పకుండా వెనక్కి చెయ్యి చాపి వాడి చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. కళ్లజోడు పెట్టుకున్నాడు, జుట్టు పల్చబడింది, ఎడమ చేత్తో మోకాలు రుద్దుకుంటున్నాడు, నీకులాగే. అలా పాట పొడుగునా ఆమె చెబుతూనే ఉంది, వాడు పొగలో నిలబడి వింటూనే ఉన్నాడు.

పాట అయ్యాక చప్పట్లు ఒక పట్టాన ఆగలేదు, లేవలేక కూర్చున్నవాళ్లకి చప్పట్లు తప్ప వేరే పని లేదు కదా. ఆ తర్వాత అసలు కచేరీ మొదలైంది. ఒకరినొకరు చేతులు పట్టుకుని లేపడం, లేచినవాళ్లు మళ్లీ పడటం, నవ్వడం. వంగకుండా చెయ్యి మాత్రం అందించవచ్చని మా నెవిల్ వరస పొడుగునా చేతికర్ర చాపుతూ వెళ్లాడు. దాన్ని పట్టుకుని లేచిన ప్రతివాళ్లూ చూసిందా మీ ఆవిడ అని అడిగారు. నిచ్చెన పెద్దాయన కిటికీ గుడ్డలు పీకుతూ నన్ను చూసి తల దించుకున్నాడు. ఈసారికి వదిలేశాను.

బయట ఇంకా ఎండ ఉంది. రేవు గోడ మీద కూర్చుని వేయించిన చేపా చిప్సూ తిన్నాం. నెవిల్ గోడకి ఆనుకుని నిలబడే తిన్నాడు. కాకులకంటే హీనంగా సముద్రపు పక్షులు మా పొట్లాల చుట్టూ మూగాయి. మా వాడు చిప్స్‌లోకి చూస్తూ, భుజాల మీద ఎక్కించుకోలేకపోయానే అన్నాడు. ఆ తర్వాత, అసలు మనిషి ఎలా ఉన్నాడు, నిజం చెప్పు, అంతకాలం ఆగినందుకు తగ్గట్టే ఉన్నాడా అని అడిగాడు.

గేనర్ వేళ్లకంటిన ఉప్పు నాక్కుంటూ ఆలోచించింది. కాటుక గీతలు చెంపల మీద ఎండిపోయి ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఉన్నాడు. దేవుడిలా పాడాడు. కానీ ఏం చెప్పను నెవిల్, నలభై ఏళ్లు నీ వీపు చూసినదాన్ని. ఇప్పుడు ఇంకెవరూ నా కంటికి ఆనడం లేదు."